నిలబడిన తెర

సినిమా తెరకు ఎత్తు కంటే వెడల్పు ఎక్కువగా ఉండాలన్న అలవాటు ఎంత పాతదంటే, అది ఒకప్పుడు కొందరు మనుషులు తీసుకున్న నిర్ణయమన్న సంగతి వృత్తి ఛాయాగ్రాహకులకు కూడా గుర్తుకు రాని స్థితి చాలాకాలం కొనసాగింది. చేతిలో నిలువుగా పట్టుకునే ఫోను ఆ అలవాటును కదిలించింది. 9 పాళ్ల వెడల్పు, 16 పాళ్ల ఎత్తు ఉండే చట్రంలో ఇప్పుడు వ్యాపార ప్రకటనలు, సినిమా ప్రచార చిత్రాలు, ఒకటి రెండు నిమిషాల భాగాలుగా సాగే మైక్రో డ్రామాలు తయారవుతున్నాయి. వాటిలో చాలావాటికి వాడే కెమెరాలు, లెన్సులు సినిమావే, సాంకేతిక నిపుణులు సినిమాకు పనిచేసేవారే. కాగా ఈ పనిని కెమెరాను పక్కకు తిప్పి బిగించడంగానో, అడ్డంగా తీసిన బొమ్మ మధ్యలోంచి ఒక ముక్క కోసుకోవడంగానో భావించే ధోరణి నిర్మాతలలోనూ, కొంతమేరకు ఛాయాగ్రాహకులలోనూ బలంగా ఉంది. నిలువు చట్రం నిజానికి పాత్రలు నిలబడే చోటును, వెలుగు వచ్చే దిక్కును, మైకు దాగే స్థలాన్ని, చివరికి సన్నివేశ రచనను కూడా మార్చమని అడుగుతుంది. ఆ మార్పును అంగీకరించినప్పుడే అది అడ్డ చట్రానికి తీసిపోని కళారూపం అవుతుంది.

తెర అడ్డంగా ఎందుకు ఉంది అన్న ప్రశ్నకు మనిషి రెండు కళ్లూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టి అన్న జవాబు తరచుగా వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉన్నప్పటికీ, అసలు కథ ఫిల్మ్ పట్టీలో ఉంది. ఎడిసన్ ప్రయోగశాలలో విలియం డిక్సన్ 1890ల తొలినాళ్లలో 35 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీని ఎంచుకుని, ఒక్కొక్క బొమ్మకు 4 రంధ్రాల ఎత్తును కేటాయించడంతో 1.33కు 1 అన్న నిష్పత్తి ఏర్పడింది; మాటలు వచ్చాక శబ్దపు గీతకు పట్టీ మీద చోటు ఇవ్వవలసి వచ్చినందున, 1932లో అమెరికా చలనచిత్ర అకాడమీ దానిని 1.37కు 1గా స్థిరపరచింది. థియేటరు నిర్మాణం కూడా ఇదే దిశలో ఒత్తిడి తెచ్చింది: బాల్కనీ కింద వెనక వరుసలలో కూర్చున్న ప్రేక్షకుడికి ఎత్తైన తెర పైభాగం కనపడదు కనుక, తెరను పెంచదలచుకున్న యజమాని దానిని పక్కలకే పెంచగలిగాడు. టెలివిజన్‌తో పోటీపడవలసి వచ్చిన హాలీవుడ్ 1953లో ‘ది రోబ్’ చిత్రంతో సినిమాస్కోప్‌ను ప్రవేశపెట్టి వెడల్పునే వైభవానికి గుర్తుగా మార్చింది. తెలుగులో ఆ వైభవం 1974లో వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణంలో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’తో మొదలైంది, మన్యపు కొండల వరుసను, కదిలే జనసమూహాన్ని ఒకే చూపులో నింపుకోగలిగిన ఆ తెర తర్వాతి తరాల దర్శకులకు భారీతనం అంటే వెడల్పేనన్న భావాన్ని మిగిల్చింది.

ఈ ఏకపక్షతను సెర్గీ ఐజెన్‌స్టీన్ చాలా ముందే గుర్తించాడు. పారమౌంట్ సంస్థ ఒప్పందం మీద హాలీవుడ్‌లో ఉన్న ఆ రష్యన్ దర్శకుడు 1930 సెప్టెంబరులో అక్కడి అకాడమీ సాంకేతిక నిపుణుల ముందు ప్రసంగిస్తూ, అడ్డ చట్రం దృశ్యకల్పనలోని సగం అవకాశాలను తెర నుంచి బహిష్కరించిందని, ఎదిగే చెట్టు, పొగగొట్టం, గోపురం, నిలబడిన మనిషి వంటి నిలువు రూపాలకు కూడా తెర మీద హక్కు ఉందని వాదించాడు. అతడు కోరింది శాశ్వతంగా నిలువుగా ఉండే తెరను కాదు. అవసరాన్ని బట్టి నిలువుగానూ అడ్డంగానూ బొమ్మను నింపుకోగల చతురస్రాన్ని. ఆ కోరికను పరిశ్రమ పట్టించుకోలేదు. అతడి వాదన ఓడిపోవడానికి అందులోని బలహీనత కాక, ఆ చతురస్రాన్ని ప్రదర్శించగల యంత్రమూ భవనమూ ఆనాడు లేకపోవడమే కారణమని ఇప్పుడు చెప్పవచ్చు.

ఆ యంత్రం ఎవరూ సినిమా కోసం తయారు చేయని ఫోను రూపంలో వచ్చింది. తొలి రోజులలో నిలువు వీడియోను వృత్తి నిపుణులు ఔత్సాహికుల అజాగ్రత్తగా చూశారు; టెలివిజన్ వార్తలలో అటువంటి వీడియోకు ఇరుపక్కలా మసక బొమ్మను నింపి చూపే పద్ధతి ఆ చిన్నచూపుకు ఇప్పటికీ గుర్తుగా మిగిలింది. 2016లో ఇన్‌స్టాగ్రామ్ స్టోరీస్ ప్రవేశించాక ప్రకటనల వ్యాపారం నిలువు చట్రం వైపు తిరిగింది. భారతదేశంలో 2020 జూన్ చివర టిక్‌టాక్ మీద నిషేధం వచ్చిన వెంటనే, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడ అడుగుపెట్టడంతో, తెలుగు ప్రేక్షకుడు రోజూ చూసే కదిలే బొమ్మలలో గణనీయమైన భాగం నిలువుదైంది. ఆ ప్రేక్షకుడిని వెతుక్కుంటూ వృత్తి ఛాయాగ్రాహకులు కూడా అక్కడికి రావలసి వచ్చింది.

వెడల్పు పోయిన చోట

ఈ చట్రంలో పోయేది ఎంత, వచ్చేది ఎంత అన్నది లెక్క వేస్తేనే స్పష్టమవుతుంది. 4కె కెమెరా సాధారణంగా 3840 చుక్కల వెడల్పు, 2160 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మను తీస్తుంది. దాని ఎత్తంతటినీ ఉంచుకుని మధ్యలోంచి నిలువు ముక్క కోస్తే వచ్చే వెడల్పు 1215 చుక్కలు మాత్రమే, అంటే మొత్తం బొమ్మలో 32 శాతానికి కాస్త తక్కువ. ఫోను తెరకు అవసరమైన 1080 చుక్కల వెడల్పు దీనితో సమకూరుతుంది కనుక సాంకేతికంగా ఇబ్బంది లేదని కొందరు సరిపెట్టుకుంటారు. కానీ ఛాయాగ్రాహకుడు శ్రమపడి కూర్చిన దృశ్యంలో మూడింట రెండు వంతులకు మించిన భాగాన్ని పారవేశాక మిగిలే బొమ్మలో అతడి నిర్ణయం ఏదీ మిగలదు. కిటికీ నుంచి పడే వెలుగు, పక్కన మౌనంగా నిలబడిన రెండో పాత్ర, ఖాళీగా వదిలిన కుర్చీ అన్నీ కత్తిరింపులో పోయి, ఎక్కడో ఒకచోట మాట్లాడుతున్న ముఖం ఒక్కటే మిగులుతుంది. సెన్సర్ పూర్తి వైశాల్యాన్ని నమోదు చేసే ‘ఓపెన్ గేట్’ పద్ధతి, అంటే 16:9గా ముందే కత్తిరించకుండా 3:2 వంటి ఎత్తైన బొమ్మను తీసుకునే ఏర్పాటు, ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తుంది తప్ప తీర్చదు.

కెమెరాను తిప్పి బిగించినప్పుడు లెన్సు లెక్క మారుతుంది. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద 50 మిల్లీమీటర్ల లెన్సు అడ్డంగా సుమారు 40 డిగ్రీల కోణాన్ని చూస్తుంది. 16:9 బొమ్మ తీసే అదే కెమెరాను నిలువుగా తిప్పితే ఆ వెడల్పును తిరిగి పొందడానికి 28 మిల్లీమీటర్ల లెన్సు కావాలి. అలా అదే దూరం నుంచి అదే వెడల్పును నిలుపుకున్న దృశ్యంలో ఎత్తు మాత్రం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. వృత్తిలోని దాదాపు ప్రతి శాఖా తన పనిని తిరిగి ఆలోచించవలసి రావడానికి ఈ ఒక్క అంకె చాలు. అడ్డ చట్రంలో ఎన్నడూ కనపడని పైకప్పు ఇప్పుడు కనపడుతుంది. దానికి కట్టిన లైట్లు, నటుడి జుట్టు అంచును మెరిపించడానికి వెనకనుంచి పైన పెట్టే బ్యాక్ లైటు, సెట్టు గోడలు ముగిసే చోటు, పాదరక్షలు, నేల మీది తీగలు అన్నీ దృశ్యంలోకి వస్తాయి. కళా దర్శకుడు నాలుగు గోడల వెడల్పు మీద పెట్టే ఖర్చును కప్పుకూ నేలకూ మళ్లించవలసి వస్తుంది.

ఇందుకు బదులుగా పక్కలు ఖాళీ అవుతాయి. నిలువు ఛాయాగ్రహణంలోని అసలైన సంపద అక్కడే ఉంది. నటుడి చెంపకు రెండు అడుగుల దూరంలో పెద్ద గుడ్డతెర వెనక మెత్తని దీపాన్ని నిలబెట్టినా అది చట్రంలో పడదు, దీపం ఎంత దగ్గరైతే దాని వెలుగు ముఖం మీద అంత మృదువుగా పరుచుకుంటుంది. అడ్డ చట్రంలో తల పైనుంచి వేలాడే బూమ్ మైకు, అంటే పొడవైన కర్ర చివర బిగించిన శబ్దగ్రాహకం, ఇక్కడ పైనుంచి వస్తే నటుడికి చాలా దూరమవుతుంది గాని, పక్కనుంచి ఛాతీ ఎత్తున వస్తే అడ్డ చట్రంలో కన్నా దగ్గరగా నిలవగలదు. మామూలు అపార్ట్‌మెంట్లలోని ఇరుకు వంటగది, మెట్ల మార్గం, లిఫ్టు, రెండు భవనాల మధ్య సందు వంటివి పెద్ద సెట్టు అవసరం లేకుండానే పూర్తి దృశ్యాలవుతాయి. అడ్డ చట్రం కోసం నగర శివార్లలో ఖాళీ స్థలం వెతికే నిర్మాణ బృందానికి నగరం మధ్యలోని ఇళ్లన్నీ తెరుచుకున్నట్లే.

ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశం ఈ చట్రానికి గట్టి పరీక్ష. అడ్డ తెర మీద ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, మధ్యలోని ఖాళీతోనే వారి సంబంధాన్ని చెప్పవచ్చు. నిలువు తెరలో అదే ప్రయత్నం చేస్తే ఇద్దరూ చట్రం నడుమ చిన్న బొమ్మలై, పైనా కిందా అర్థం లేని స్థలం మిగులుతుంది. దీనికి సమాధానం లోతు. ఒకరు కెమెరాకు దగ్గరగా కూర్చుని, మరొకరు వెనక గుమ్మంలో నిలబడినప్పుడు, ఒకరు మెట్టు మీద, ఇంకొకరు నాలుగు మెట్లు దిగువన ఉన్నప్పుడు, ముఖాలు ఒకదాని పక్కన కాక ఒకదాని పైన ఒకటి అమరి, ఎవరిది పైచేయి అన్న విషయం కూడా మాట అవసరం లేకుండా తెలుస్తుంది. వెడల్పాటి లెన్సులు దగ్గరి ముఖాన్నీ దూరపు ముఖాన్నీ ఒకేసారి స్పష్టంగా చూపగలగడం ఇందుకు తోడ్పడుతుంది; అయితే అవే లెన్సులు చట్రం పైఅంచునా కిందిఅంచునా రూపాలను సాగదీస్తాయి కనుక, కెమెరాను నటుడి ఛాతీ ఎత్తున సమతలంగా ఉంచి, పైకీ కిందికీ వంచకుండా తీయడం మేలు. ఈ అమరికను చిత్రీకరణ రోజున కనిపెట్టడం సాధ్యం కాదు. అది సన్నివేశం రాసేటప్పుడే గుమ్మం ఎక్కడుందో, మెట్లు ఎక్కడున్నాయో తెలిసిన రచయిత నుంచి రావాలి.

మనిషి శరీరం నిలువుగా ఉంటుంది కాబట్టి నిలువు చట్రం దానికి సహజమైనదన్న వాదన పూర్తిగా నిజం కాదు. చేతులు దించి నిలబడిన మనిషికి అది సరిపోతుంది. రెండు చేతులూ బారజాపిన మనిషి వెడల్పు సుమారుగా అతడి ఎత్తుతో సమానమవుతుంది. కాబట్టి కూచిపూడి నర్తకి చేతులు పూర్తిగా చాచే అడవును వేళ్ల కొనలు తెగకుండా పట్టుకోవాలంటే, ఆమె శరీరం చట్రం ఎత్తులో 56 శాతాన్ని మించకూడదు. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచిన పాదాలను, కళ్లలోని సంచారిభావాన్ని ఒకే షాటులో చూపాలనుకునే ఛాయాగ్రాహకుడు ఇక్కడ ఏదో ఒకటి వదులుకోక తప్పదు. అభినయానికి నిలువు చట్రం అద్భుతంగా కుదురుతుంది. వేదికంతా కలియదిరిగే నృత్తానికీ, బృంద నాట్యానికీ అది న్యాయం చేయలేదు. ఏ వస్తువుకు ఈ చట్రం తగదో తెలిసి ఉండటం కూడా వృత్తి జ్ఞానంలో భాగమే.

చట్రాన్ని విభజించే మార్గం ఒకటి ఇంకా తగినంతగా వాడుకలోకి రాలేదు. నిలువు తెరను నడుమకు రెండుగా చీలిస్తే ఒక్కొక్క సగం 9:8 నిష్పత్తిలో, దాదాపు చతురస్రంగా ఉంటుంది. ముఖానికి చతురస్రం ఎంత బలమైన చట్రమో జేవియర్ డోలన్ 2014లో ‘మామీ’ చిత్రం చాలా భాగాన్ని 1:1లో తీసి చూపాడు. ఫోనులో మాట్లాడుకునే ఇద్దరిని పైనా కిందా అమర్చడానికి, ఒకే క్షణాన్ని రెండు చోట్ల చూపడానికి ఈ విభజన పనికివస్తుంది. తెలుగు నేల మీద దీనికి పాత ఉదాహరణ ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు చిత్రించే పటాలు సుమారు మూడడుగుల వెడల్పున, అనేక అడుగుల పొడవున నిలువుగా ఉంటాయి. ఆ నిలువు గుడ్డను వారు అడ్డ పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీలో కథలోని ఒక్కొక్క ఘట్టాన్ని గీస్తారు, కథకుడు పటాన్ని విప్పుతూ ఒక్కో ఘట్టాన్నీ గానం చేస్తాడు. ఇరుకైన నిలువు తలంలో యుద్ధమూ ఊరేగింపూ వంటి వెడల్పైన విషయాలను ఎలా ఇమడ్చాలో ఆ చిత్రకారులు తరతరాలుగా సాధన చేశారు. హైదరాబాదులో పనిచేసే ఛాయాగ్రాహకుడికి ఈ పాఠం కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే ఉంది.

కదలికలోనూ క్రమం మారుతుంది. కెమెరాను పక్కకు తిప్పే ప్యాన్ ఈ చట్రంలో బలహీనపడుతుంది, ఎందుకంటే వస్తువు ఇరుకైన వెడల్పును క్షణంలో దాటిపోయి కంటికి అదురుగా కనపడుతుంది. పైకీ కిందికీ చూపు కదిలించే టిల్ట్, క్రేన్ మీద లేచే కదలిక, ముందుకు సాగే ట్రాలీ బలపడతాయి. అడ్డంగా బిగించిన కెమెరాలో సెన్సర్ బొమ్మను పైనుంచి కిందికి వరుస వరుసగా చదవడం వల్ల, వేగంగా ప్యాన్ చేసినప్పుడు స్తంభాలు వాలినట్లు కనిపిస్తాయి. దీనిని రోలింగ్ షటర్ దోషం అంటారు. కెమెరాను తిప్పినప్పుడు ఆ వరుసలు కూడా తిరుగుతాయి గనుక, ప్యాన్‌లో వాలడం పోయి రూపాలు లావెక్కడమో సన్నబడటమో జరుగుతుంది, వాలడం అనే దోషం టిల్ట్‌లోకి వచ్చి చేరుతుంది. నిలువు చట్రానికి టిల్ట్ ముఖ్యమైన కదలిక కాబట్టి దాని వేగాన్ని ముందుగా పరీక్షించి చూసుకోవడం అవసరం.

తెర మీద మరొకరి హక్కు

అడ్డ తెరకు లేని ఒక పరిమితి నిలువు తెరకు ఉంది. చూసే యాప్ తన బొత్తాలను, ఖాతా పేరును, వ్యాఖ్యను బొమ్మ మీదనే అతికిస్తుంది. కుడి అంచూ, అడుగున దాదాపు మూడో వంతు, పైన కొంత భాగమూ ఛాయాగ్రాహకుడి చేతిలో ఉండవు. అందువల్ల కళ్లను చట్రం మధ్యగీతకు కాస్త పైన నిలపడం, తల పైన వదిలే ఖాళీని అలవాటు కన్నా ఎక్కువగా ఉంచడం, కథకు కీలకమైన చేతి కదలికను నడుము కన్నా పైకి తీసుకురావడం వంటి సర్దుబాట్లు తప్పవు. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి సంభాషణ అక్షరాలకూ చోటు కావాలి. వీటిని షూటింగ్ మానిటర్ మీద గీతలుగా ముందే గుర్తించుకునే బృందం తర్వాత ఎడిటింగ్‌లో బాధపడదు.

ఈ చట్రంతో ఏమి సాధించవచ్చో చూపిన చిత్రాలలో డేమియన్ షజెల్ 2020లో ఆపిల్ సంస్థ కోసం ఐఫోన్‌తో తీసిన ‘ది స్టంట్ డబుల్’ ముఖ్యమైనది. దాని ఛాయాగ్రాహకుడు లీనస్ సాండ్‌గ్రెన్. వీరిద్దరూ అంతకుముందు ‘లా లా ల్యాండ్’ను సినిమాస్కోప్ వెడల్పులో తీసి ఆస్కార్ పురస్కారాలు అందుకున్నవారు. ఎత్తైన భవనం మీదినుంచి దూకిన స్టంట్ కళాకారుడి పారాచూట్ తెరుచుకోకపోవడంతో మొదలై, మూకీ హాస్యం, వెస్టర్న్ వంటి హాలీవుడ్ చిత్ర రీతుల గుండా ఆ కథ సాగుతుంది. పడటం, ఎక్కడం, వేలాడటం అన్న నిలువు క్రియలనే కథావస్తువుగా ఎంచుకోవడంలో దర్శకుడి వివేకం ఉంది. వెడల్పులో అంత ఆరితేరిన జంట నిలువులోకి వచ్చినప్పుడు పాత దృశ్యాలను ఇరికించకుండా ఆ చట్రం కోరే సంఘటనలను వెతుక్కుంది.

దీనికి భిన్నమైన దారిని అదే సంవత్సరం క్విబీ సంస్థ ఎంచుకుంది. 175 కోట్ల డాలర్ల పెట్టుబడితో 2020 ఏప్రిల్‌లో మొదలై డిసెంబరు 1న మూతపడిన ఆ సంస్థ, ఫోనును ఎటు తిప్పితే అటు పూర్తి బొమ్మ వచ్చే ‘టర్న్‌స్టైల్’ అన్న ఏర్పాటు చేసి, ప్రతి భాగాన్నీ అడ్డంగానూ నిలువుగానూ అందించింది. దాని పతనానికి లాక్‌డౌన్ కాలంలో జనం ఇళ్లలో ఉండిపోవడం మొదలుకొని ఎన్నో కారణాలున్నాయి. కానీ ఛాయాగ్రహణం దృష్టితో చూస్తే, ప్రతి షాటూ ఒకేసారి రెండు చట్రాలకు సమాధానం చెప్పవలసి వచ్చినప్పుడు, ముఖ్యమైన సమాచారమంతా రెండింటికీ ఉమ్మడిగా ఉండే మధ్యభాగంలోకి కుదించుకుపోతుంది. అడ్డ బొమ్మ అంచులు నిస్సారమవుతాయి, నిలువు బొమ్మకు లోతు ఉండదు. ఈ రెండు చట్రాల పద్ధతి క్విబీతో పోలేదు. సినిమా ప్రచార చిత్రాలలో, దుస్తుల దుకాణాల ప్రకటనలలో, పెళ్లి వీడియోలలో అదే ఇప్పటికీ రోజువారీ ఆచారం.

రెండు రూపాలూ నిజంగా కావలసినప్పుడు గౌరవప్రదమైన మార్గం ఒకటే ఉంది. అడ్డ షాటు పూర్తయ్యాక కెమెరాను తిప్పి, లెన్సు మార్చి, నటులను పక్కపక్క నుంచి ముందువెనకలకు జరిపి, బ్యాక్ లైటును కప్పు నుంచి దించి పక్కకు తెచ్చి, మైకును కిందికి తీసుకుని, అదే సంభాషణను ఆ చట్రం కోసం మళ్లీ తీయాలి. దీనికి ప్రతి సెటప్‌కూ అదనపు సమయం పడుతుంది, ఆ సమయానికి ఖర్చు ఉంటుంది. కాబట్టి ఆ రెండో సెటప్‌ను చివరి నిమిషంలో కెమెరా సహాయకుడి మీద వేసే అదనపు పనిగా కాక, రచన దశలోనే నిర్ణయించి, షెడ్యూలు పత్రంలో విడి పంక్తిగా రాసి, నటులకూ కళా విభాగానికీ శబ్ద విభాగానికీ ముందే తెలియజేయమని ఒప్పందం కుదుర్చుకునే రోజునే అడగవలసిన బాధ్యత ఛాయాగ్రాహకుడిది, దానికి డబ్బు కేటాయించవలసిన బాధ్యత నిర్మాతది.